భౌతిక రసాయన శాస్త్రానికి మంచి పాఠ్యపుస్తకాన్ని ఎంచుకోవడం ఎలా: డిగ్రీ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల డిగ్రీ కళాశాలల్లో బీఎస్సీ చదివే విద్యార్థులు చాలామంది పరీక్షలు దగ్గర పడ్డాక గైడు కొని, ముఖ్యమైన ప్రశ్నలకు గుర్తులు పెట్టుకుని, వాటి జవాబులను కంఠతా పట్టి గట్టెక్కుతారు. కర్బన, అకర్బన రసాయన విభాగాల్లో ఈ పద్ధతి మార్కుల మేరకు కొంత పనికివస్తుంది. భౌతిక రసాయన శాస్త్రంలో మాత్రం ఒక సమీకరణం ఇంకొకదాని నుంచి పుడుతుంది, ఆ ఇంకొకటి ఏవో కొన్ని షరతుల కింద మాత్రమే నిలుస్తుంది. ఆ షరతులు తెలియనివారు సూత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయగలిగినా, లెక్క కాస్త మారితే చేతులెత్తేయవలసి వస్తుంది. అందువల్ల ఈ విభాగానికి సొంతంగా ఒక మంచి పుస్తకం ఉండితీరాలి. సమీకరణం ఎక్కడి నుంచి వచ్చిందో, ఏయే షరతుల్లో చెల్లుతుందో దాచకుండా చెప్పేదే మంచి పుస్తకం. ఆ గుణాన్ని గ్రంథాలయంలో ఒక పూట కూర్చుని మీరే పరీక్షించి తేల్చుకోవచ్చు. ఆ పరీక్ష ఎలా చేయాలో కింద అడుగు అడుగుగా వివరిస్తున్నాను.

మొదటి అడుగు: ఎందుకు చదువుతున్నారో తేల్చుకోండి

సెమిస్టర్ పరీక్ష ఒక్కటే లక్ష్యమైతే కావలసిన పుస్తకం వేరు. పీజీ ప్రవేశానికి రాసే సీపీగెట్, ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం రాసే జామ్, ఆ తరువాత అధ్యాపక ఉద్యోగ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు రాసే నెట్ వంటి పరీక్షలు మనసులో ఉంటే కావలసిన పుస్తకం వేరు. మన డిగ్రీ పాఠ్యప్రణాళికలో భౌతిక రసాయన శాస్త్రం ఒకేచోట ఉండదు. వాయువులు, ద్రావణాలు, విద్యుత్ రసాయన శాస్త్రం, గతిశాస్త్రం, ఉష్ణగతిక శాస్త్రం అంటూ ముక్కలుగా వేర్వేరు సెమిస్టర్లకు పంచి ఉంటుంది. సెమిస్టర్‌కొకటిగా అచ్చయ్యే పుస్తకాల్లోనూ ఇదే విభజన ఉంటుంది కాబట్టి, వాటినే నమ్ముకున్న విద్యార్థికి మూడేళ్లు గడిచినా ఈ శాస్త్రం మొత్తంగా కంటికి కనిపించదు. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం గాని, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం గాని, మీరు ఏ విశ్వవిద్యాలయం పరిధిలో ఉంటే దాని పాఠ్యప్రణాళికను అన్ని సెమిస్టర్లకూ కలిపి ప్రింటు తీయించుకోండి. అందులోని భౌతిక రసాయన యూనిట్లను మాత్రం విడిగా ఒక కాగితం మీద రాసుకోండి. పుస్తకాల షాపుకు వెళ్లినా, గ్రంథాలయానికి వెళ్లినా ఆ కాగితం చేతిలో ఉండాలి.

రెండవ అడుగు: మీ గణితాన్ని ముందుగా పరీక్షించుకోండి

పుస్తకం అర్థం కావడం లేదని మధ్యలో వదిలేసే విద్యార్థుల్లో చాలామందికి అడ్డుపడేది రసాయన శాస్త్రం కాదు, గణితం. ఇంటర్‌లో ఎంపీసీ చదివి వచ్చినవారికి అవకలనం, సమాకలనం కొంత అలవాటుగా ఉంటాయి. బైపీసీ చదివి డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రాలతో కలిపి రసాయన శాస్త్రం తీసుకున్నవారికి పాక్షిక అవకలజం అనే మాటే కొత్త. ఇది వారి లోపం కాదు, కానీ పుస్తకం ఎంచుకునేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోకపోతే కొన్న పుస్తకం అలమరలోనే ఉండిపోతుంది.

పరీక్ష ఇలా చేసుకోండి. ఉష్ణగతిక శాస్త్రం అధ్యాయంలో, ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు ఘనపరిమాణం దృష్ట్యా అంతర్గత శక్తికి ఉండే పాక్షిక అవకలజం కనిపించే పుటను వెతకండి. ఆ గుర్తును చూసి, ‘ఉష్ణోగ్రతను మార్చకుండా వాయువును కొద్దిగా వ్యాకోచింపజేస్తే దాని అంతర్గత శక్తి ఎంత మారుతుంది’ అని తెలుగు వాక్యంగా చదవగలుగుతున్నారా? ఆదర్శ వాయువుకు దాని విలువ సున్నా అని, వాండర్ వాల్స్ వాయువుకు మాత్రం ‘ఏ’ స్థిరాంకాన్ని మోలార్ ఘనపరిమాణపు వర్గంతో భాగిస్తే వచ్చే విలువ అని చదివినప్పుడు, అణువుల మధ్య ఆకర్షణే ఈ తేడాకు కారణమని తోస్తోందా? తోస్తే ఏ స్థాయి పుస్తకమైనా మీరు ధైర్యంగా తెరవవచ్చు. గుర్తు దగ్గరే ఆగిపోతే, గణితాన్ని అనుబంధంగానో, అధ్యాయాల మధ్య చిన్న పాఠాలుగానో నేర్పే పుస్తకాన్ని ఎంచుకోండి. లేదా సంవర్గమానాలు, అవకలనం, సులభమైన సమాకలనం వరకు ఇంటర్ ప్రథమ, ద్వితీయ సంవత్సరాల గణిత పుస్తకాలు తెచ్చుకుని రెండు మూడు వారాలు సాధన చేయండి. ఆ శ్రమ ఎంతమాత్రం వృథా పోదు.

మూడవ అడుగు: ఒకే అంశాన్ని మూడు పుస్తకాల్లో చదవండి

ఈ మార్గదర్శిలో అన్నింటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. ముందుమాట, అట్ట, పుటల సంఖ్య చూసి పుస్తకాన్ని అంచనా వేయకండి. ఒకే చిన్న అంశాన్ని తీసుకుని, దాన్ని మూడు పుస్తకాల్లో పక్కపక్కన పెట్టి చదవండి. ఇందుకు క్లాసియస్–క్లాపెయిరాన్ సమీకరణం చక్కగా ఉపయోగపడుతుంది. అది దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది, రెండు మూడు పుటలను మించదు.

ద్రవం, దాని ఆవిరి సమతాస్థితిలో ఉన్నప్పుడు ఉష్ణోగ్రతతో పాటు పీడనం ఎలా మారుతుందో క్లాపెయిరాన్ సమీకరణం ఉజ్జాయింపులేవీ లేకుండా చెబుతుంది. దాని నుంచి, సంవర్గమానాలతో కనిపించే పరిచిత రూపానికి రావాలంటే మూడు మెట్లు దిగాలి. ఆవిరి ఘనపరిమాణంతో పోలిస్తే ద్రవం ఘనపరిమాణాన్ని వదిలేయవచ్చు అనుకోవడం మొదటిది. ఆవిరి ఆదర్శ వాయువులా ప్రవర్తిస్తుంది అనుకోవడం రెండవది. లెక్కకు తీసుకున్న రెండు ఉష్ణోగ్రతల మధ్య బాష్పీభవన ఎంథాల్పీ (ఒక మోల్ ద్రవం ఆవిరి కావడానికి కావలసిన ఉష్ణం) మారదు అనుకోవడం మూడవది. మంచి పుస్తకం ఈ మూడింటినీ ఆయా మెట్ల దగ్గరే చెబుతుంది. మొదటి దానికి కారణం కూడా చూపిస్తుంది: ఒక మోల్ నీరు ద్రవంగా సుమారు 18 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తే, 100 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం వద్ద ఆవిరిగా సుమారు 30 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఈ రెండంకెలూ చూసిన విద్యార్థికి ఆ ఉజ్జాయింపు ఎందుకు చెల్లుతుందో మళ్లీ ఎవరూ చెప్పనక్కరలేదు. నాసిరకం పుస్తకం ‘ఉజ్జాయింపుగా’ అనే ఒక్క మాటతో మూడు మెట్లూ దాటిపోయి, చివరి సమీకరణాన్ని డబ్బాలో పెట్టి చూపిస్తుంది.

ఆ తరువాత ఆ సమీకరణంతో ఒక లెక్క మీరే చేయండి. ఇంట్లోని ప్రెషర్ కుక్కర్‌లో పీడనం బయటి గాలికంటే ఇంచుమించు ఒక అట్మాస్ఫియర్ ఎక్కువగా, అంటే మొత్తం రెండు అట్మాస్ఫియర్లు ఉంటుందనుకుందాం. నీటి బాష్పీభవన ఎంథాల్పీ మోల్‌కు 40.7 కిలోజౌల్స్, వాయు స్థిరాంకం 8.314, సాధారణ మరిగే ఉష్ణోగ్రత 373.15 కెల్విన్. ఈ విలువలు వేసి లెక్కిస్తే కుక్కర్‌లో నీరు దాదాపు 394 కెల్విన్, అంటే సుమారు 121 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుందని తేలుతుంది. ఆవిరి పట్టికల్లో చూస్తే ఆ పీడనానికి ఉన్న విలువ 120 డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది. మిగిలిన చిన్న తేడా ఎక్కడిదో చెప్పడానికి పై మూడు ఉజ్జాయింపులూ గుర్తుకు రావాలి. మీరు చదివిన పుటలు ఈ లెక్కను ఎవరి సాయమూ లేకుండా చేయించగలిగితే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టుకోండి.

నాలుగవ అడుగు: మన నీటితో పుస్తకాన్ని పరీక్షించండి

నల్లగొండ జిల్లా పేరు రసాయన శాస్త్ర గ్రంథాల్లో కనిపించేది ఫ్లోరైడ్ వల్లనే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది; దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. మునుగోడు, మర్రిగూడ వైపు పల్లెల్లో పుట్టి పెరిగిన విద్యార్థికి ఎముకలు వంగిన పెద్దలను చూడటం కొత్త కాదు. అలాంటి విద్యార్థి చేతికి వచ్చే పుస్తకం ఆ నీటిని అర్థం చేసుకోవడానికి పనికిరావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అయాన్ల సమతాస్థితి అధ్యాయం తెరిచి ద్రావణీయతా లబ్ధం (సంతృప్త ద్రావణంలోని అయాన్ల గాఢతల లబ్ధం), ఉమ్మడి అయాన్ ప్రభావం (ఒక అయాన్ నీటిలో ముందే ఉంటే లవణం తక్కువగా కరగడం) చదవండి. కాల్షియం ఫ్లోరైడ్ ద్రావణీయతా లబ్ధానికి పట్టికల్లో తరచుగా కనిపించే విలువ 25 డిగ్రీల వద్ద 3.45 × 10⁻¹¹. వేరే పట్టికల్లో కొంత తేడా ఉండవచ్చు. ఈ విలువతో శుద్ధమైన నీటిలో కాల్షియం ఫ్లోరైడ్ ఎంత కరుగుతుందో లెక్కిస్తే లీటరుకు 2.05 × 10⁻⁴ మోల్‌లు వస్తుంది. ఒక్కో కాల్షియం అయాన్‌కు రెండు ఫ్లోరైడ్ అయాన్లు వస్తాయి కనుక ఫ్లోరైడ్ గాఢత లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాములు అవుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ఇప్పుడు లెక్కను తిరగేయండి: ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాముల దగ్గర ఆగాలంటే నీటిలో కాల్షియం ఎంత ఉండాలి? లీటరుకు దాదాపు 220 మిల్లీగ్రాములు. కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా ఉండే బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎందుకు పేరుకుంటుందో ఈ లెక్క తేటతెల్లం చేస్తుంది.

పుస్తకం ఇక్కడితో ఆగితే సగం పనే చేసినట్టు. నిజమైన బోరు నీటిలో ఇతర లవణాలెన్నో ఉంటాయి కాబట్టి గాఢతల బదులు క్రియాశీలతలు, అంటే అయాన్ల పరస్పర ప్రభావాన్ని లెక్కలోకి తీసుకుని సవరించిన గాఢతలు వాడాలని, శుద్ధమైన నీటికి చేసిన లెక్క ఇక్కడ యథాతథంగా సరిపోదని చెప్పే పుస్తకం మేలైనది. సూచికలో ‘క్రియాశీలత’ పక్కన ఎన్ని పుటల సంఖ్యలు ఉన్నాయో చూడండి. అది ఒకే అధ్యాయంలో కనిపించి మాయమైతే, ఆ రచయిత దాన్ని పరీక్ష ప్రశ్నగా మాత్రమే చూశాడని అర్థం. సమతాస్థితిలోనూ, విద్యుత్ ఘటాల్లోనూ, ద్రావణాల్లోనూ మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ పుస్తకంలో అధ్యాయాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు. అలాగే నల్లగొండ టెక్నిక్‌లో పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టు ఫ్లోరైడ్‌ను తన మీదికి లాగేసుకుంటుంది కనుక, అధిశోషణం అధ్యాయాన్ని కూడా ఇదే చూపుతో తిరగేయండి. ఉపరితలానికి పదార్థం ఎంత అతుక్కుంటుందో చెప్పే లాంగ్‌ముయిర్ సమీకరణానికి ముందు ‘ఒకే పొర, అన్ని స్థానాలూ సమానం, అతుక్కున్న కణాల మధ్య ప్రభావం లేదు’ అనే ఊహలు రాసి ఉన్నాయో లేదో చూస్తే చాలు.

ఐదవ అడుగు: గుర్తులు, ప్రమాణాలు, అచ్చయిన కాలం

రెండు పుస్తకాలు కలిపి చదివేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఉష్ణగతిక శాస్త్ర మొదటి నియమాన్ని నేటి పుస్తకాలు ఎక్కువగా ‘అంతర్గత శక్తిలో మార్పు = ఉష్ణం + పని’ అని రాస్తాయి; ఇందులో పని అంటే వ్యవస్థ మీద జరిగిన పని. పాత పుస్తకాలు చాలావరకు ‘ఉష్ణం – పని’ అని రాస్తాయి. అక్కడ పని అంటే వ్యవస్థ చేసిన పని. రెండూ సరైనవే, కానీ ఒకదాని సూత్రాన్ని ఇంకొకదాని లెక్కలో వేస్తే జవాబు తలకిందులవుతుంది. మీ కళాశాలలో బోధించే పద్ధతి ఏదో తెలుసుకుని, పుస్తకం మొదటి పుట మీదే పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.

ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 1953 నాటి అంతర్జాతీయ ఒప్పందం తరువాత క్షయకరణ పొటెన్షియల్‌లే ప్రమాణమయ్యాయి; జింక్‌కు మైనస్ 0.76 వోల్టులు రాస్తాం. పాత అమెరికన్ పుస్తకాల్లో అదే ప్లస్ 0.76గా కనిపించవచ్చు. ఇప్పుడు ‘జి’ అక్షరంతో రాసే గిబ్స్ శక్తిని ‘ఎఫ్’ అని రాసిన పాత పుస్తకాలూ ఉన్నాయి. ప్రమాణ పీడనాన్ని 1 అట్మాస్ఫియర్‌కు బదులు 1 బార్‌గా తీసుకోవాలని 1982లో సిఫారసు వచ్చింది. అవగాడ్రో సంఖ్య, బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం 2019 నుంచి ఖచ్చితంగా నిర్ణయించిన విలువలు. పుస్తకం పాతదైనంత మాత్రాన పారేయనక్కరలేదు. ఉష్ణగతిక శాస్త్ర నియమాలు మారలేదు, వివరణలో కొన్ని పాత పుస్తకాలే మెరుగు. అయితే కేలరీల్లో ఇచ్చిన లెక్కలను 4.184తో గుణించి జౌల్స్‌లోకి మార్చుకునే ఓపిక ఉండాలి.

ఆరవ అడుగు: అభ్యాసాలు చూడండి

అధ్యాయం చివర ఉన్న లెక్కలన్నీ సూత్రంలో అంకెలు వేసి తేల్చేవే అయితే ఆ పుస్తకం సెమిస్టర్ పరీక్షకు చాలుతుంది గాని, జామ్ వంటి పరీక్షకు చాలదు. ‘నిరూపించండి’, ‘ఈ సందర్భంలో ఈ సూత్రం ఎందుకు చెల్లదు’ అని అడిగే ప్రశ్నలు కూడా ఉండాలి. కొన్నింటికైనా చివర జవాబులు ఉండాలి. సాధించి చూపిన ఉదాహరణలో ప్రమాణాలు ప్రతి వరుసలోనూ రాసి ఉంటే అది శ్రద్ధగల రచయిత గుర్తు.

ఏడవ అడుగు: పేరున్న పుస్తకాల్లో దేన్ని ఎవరికి

పూరి, శర్మ, పఠానియా రాసిన పుస్తకం మన దేశంలోని డిగ్రీ, పీజీ పాఠ్యప్రణాళికలకు దగ్గరగా ఉంటుంది. వాక్యాలు సులభంగా ఉంటాయి, పరీక్షకు ఉపయోగపడుతుంది. కె.ఎల్. కపూర్ పుస్తకం అనేక సంపుటాలుగా ఉంటుంది. ఉత్పాదనలను, అంటే సమీకరణాలను రాబట్టే తీరును మెట్టు మెట్టుగా చూపుతుంది కాబట్టి, మధ్యలో ఒక వరుస దాటేస్తే తికమకపడే విద్యార్థికి ఇది మంచి తోడు. అన్ని సంపుటాలూ ఒకేసారి కొనవలసిన పనిలేదు, ఆ సెమిస్టర్‌కు కావలసిన సంపుటం తెచ్చుకుంటే సరిపోతుంది.

విదేశీ రచయితల్లో పీటర్ అట్కిన్స్ పుస్తకం 1978లో మొదటిసారి వెలువడి, తరువాత సహరచయితలతో అనేక ముద్రణలు పొందింది. బొమ్మలు, పట్టికలు, విస్తృతి దాని బలం. మొదటిసారి చదివేవారికి కొన్నిచోట్ల వేగం ఎక్కువనిపిస్తుంది. ఐరా లెవైన్ పుస్తకం ఉత్పాదనల్లో అతి జాగ్రత్తగా ఉంటుంది, షరతులను దాచదు, అభ్యాసాలు విస్తారంగా ఇస్తుంది. ఒంటరిగా చదువుకునే విద్యార్థికి నేను ముందుగా చెప్పే పేరు ఇదే. గిల్బర్ట్ కాస్టెలాన్ పుస్తకం మూడవ ముద్రణ 1983 నాటిది. ఉష్ణగతిక శాస్త్ర వివరణకు ఇప్పటికీ చదవదగినది, అయితే అందులో మొదటి నియమం ‘ఉష్ణం – పని’ రూపంలో ఉంటుందని గుర్తుంచుకోవాలి. మెక్‌క్వారీ, సైమన్‌ల పుస్తకం 1997లో వచ్చింది. అది క్వాంటం సిద్ధాంతంతో మొదలై తరువాత ఉష్ణగతిక శాస్త్రానికి వస్తుంది, అధ్యాయాల మధ్య గణిత పాఠాలు కూడా ఇస్తుంది. గణితం ఇష్టమైనవారికి ఇది గొప్ప పుస్తకం. మన సెమిస్టర్ల వరుసతో మాత్రం దాని వరుస కలవదు.

నా సలహా ఏమిటంటే, అర్థం చేసుకోవడానికి ఒకటి, పాఠ్యప్రణాళికను పట్టుకుని లెక్కలు చేయడానికి ఒకటి, మొత్తం రెండే పుస్తకాలు పెట్టుకోండి. మూడవది అడుగుపెడితే మూడూ సగం సగమే చదువుతారు.

ఎనిమిదవ అడుగు: తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి

పదో తరగతి, ఇంటర్ తెలుగులో చదివి డిగ్రీలో ఆంగ్ల మాధ్యమానికి మారినవారు దేవరకొండ, నాగర్‌కర్నూల్, గద్వాల వంటి చోట్ల ఎంతోమంది ఉన్నారు. వారికి తెలుగు అకాడమీ ప్రచురించిన డిగ్రీ రసాయన శాస్త్ర పుస్తకాలు విలువైనవి. భావాన్ని తెలుగులో ఒకసారి చదివి, వెంటనే అదే అంశాన్ని ఆంగ్ల పుస్తకంలో చదవండి. సమతాస్థితి, ప్రావస్థ, అధిశోషణం, అర్ధాయువు వంటి పదాలకు సమానమైన ఆంగ్ల పదాలను నోటుపుస్తకంలో ఎదురెదురుగా రాసుకుంటూ పోతే ఒక సెమిస్టర్ గడిచేసరికి భాష అడ్డుతొలగుతుంది. తెలుగులో చదవడం చిన్నతనమని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఎంట్రోపీ ఏ భాషలో అర్థమైనా ఒకటే.

తొమ్మిదవ అడుగు: ఎక్కడ చూడాలి, ఎలా కొనాలి

మొదట కళాశాల గ్రంథాలయం, ఆ తరువాత జిల్లా కేంద్ర గ్రంథాలయం. రిఫరెన్స్ విభాగంలోని పుస్తకాలను ఇంటికి ఇవ్వకపోయినా, పైన చెప్పిన పరీక్షలకు అక్కడ కూర్చుని చదవడమే చాలు. హైదరాబాద్ వెళ్లే పని పడితే కోఠిలోని పుస్తకాల షాపులు, ఆదివారం అబిడ్స్‌లో పేవ్‌మెంట్ మీద పెట్టే పాత పుస్తకాలు చూడండి. ఒక ముద్రణ పాతదైతే ధర బాగా తగ్గుతుంది, డిగ్రీ స్థాయికి ఆ తేడా పెద్దగా అడ్డురాదు. పాత పుస్తకం కొనేటప్పుడు చివరి అనుబంధ పట్టికలు, జవాబుల పుటలు చిరిగిపోకుండా ఉన్నాయో లేదో తప్పక తిరగేసి చూడండి. విదేశీ పుస్తకాలకు భారతీయ ముద్రణ ఉంటే అదే కొనండి. జిరాక్సు ప్రతుల్లో పైన వేసే చిన్న అక్షరాలు, మైనస్ గుర్తులు చెరిగిపోతాయి. ఈ శాస్త్రంలో ఒక మైనస్ పోతే అర్థమే మారిపోతుంది. ఖర్చు భరించలేనివారికి ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం, ఐఐటీల వంటి సంస్థల అధ్యాపకులు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటెల్ ఉపన్యాసాలు ఉచితంగా అందుబాటులో ఉన్నాయి.

కొనే పనిని పరీక్షల దాకా వాయిదా వేయకుండా సెమిస్టర్ మొదటి వారంలోనే ముగించండి. తెచ్చిన రోజే ఉష్ణగతిక శాస్త్రంలోని మొదటి అధ్యాయాన్ని మొదలుపెట్టి, చివరి అభ్యాసాల్లో ఐదారు లెక్కలు చేయండి. రెండు వారాలు నిజాయితీగా చదివినా అధ్యాయం ముందుకు సాగకపోతే, మీ అధ్యాపకుల దగ్గరికి ఆ పుస్తకాన్నే తీసుకువెళ్లి, ఏ వరుస దగ్గర ఆగిపోయారో వేలు పెట్టి చూపించండి. ఆగింది గణితం దగ్గరా, భాష దగ్గరా, రచయిత దాటేసిన మెట్టు దగ్గరా అన్నది వారు చెప్పగలరు. మొదటి రెండింటికి సాధన సరిపోతుంది, మూడవదైతే పుస్తకం మార్చుకోవడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.